ఆరెంజ్‌కు ప్రాస ఎందుకు కుదరదు?

ఇంగ్లిష్‌లో ఆరెంజ్ అనే మాటకు ప్రాస లేదన్న సంగతి క్విజ్ పోటీల్లో, వాట్సాప్ ఫార్వర్డుల్లో ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. సిల్వర్, పర్పుల్, మంత్ కూడా ఆ జాబితాలోనివే. అది చదివిన తెలుగువారికి వెంటనే ఒక సందేహం వస్తుంది. చాలెంజ్ ఉంది కదా, రివెంజ్ ఉంది కదా, అవెందుకు పనికిరావు? సందేహం న్యాయమైనదే. మన చెవికి ఆరెంజ్, చాలెంజ్ చక్కగా కలుస్తాయి. ఇంగ్లిష్ చెవికి కలవవు. ఈ తేడా ఎక్కడుందో పట్టుకుంటే మిగతా చిక్కుముడి దానంతట అదే వదులవుతుంది.

క్లుప్తంగా

ఇంగ్లిష్ ప్రాసను తేల్చేది మాటలో ఊనిక పడే చోటు. ఊనిక ముందుకు జరిగినా, మధ్య అచ్చు రాలి హల్లులు గుత్తి కట్టినా ఆ మాటకు జంట దొరకదు. ప్రాస లేదనే మాటల్లో కొన్నిటికి నిఘంటువు మూలల్లో జంటలున్నాయి, కాకపోతే అవి పాటకు అక్కరకు రావు. కవులను నిజంగా ఇబ్బంది పెట్టింది ఆరెంజ్ లాంటి మాటలు కాదు. లవ్, వరల్డ్ లాంటి రోజువారీ మాటలే. యాస మారితే ప్రాసా మారుతుంది. తెలుగు యాసలో అయితే జాబితా పూర్తిగా తలకిందులవుతుంది.

తోక ఎంత పొడుగు?

ఇంగ్లిష్‌లో రైమ్ అంటే అంత్యప్రాసే. అయితే మన సినిమా పాటల్లోలా చివరి అక్షరం కలిస్తే చాలదు. ఇంగ్లిష్ మాటలో ఒక అచ్చును నొక్కి పలుకుతారు, మిగతావి తేలిపోతాయి. ఆ నొక్కునే ఊనిక అంటారు. ఊనిక పడిన ఆఖరి అచ్చు నుంచి మాట చివరిదాకా వినిపించేదంతా రెండు మాటల్లోనూ ఒకేలా ఉండాలి. దానికి ముందున్న హల్లు మాత్రం వేరుగా ఉండాలి. అప్పుడే అది పూర్తి ప్రాస. కలవాల్సిన ఆ భాగాన్ని తోక అనుకుందాం.

క్యాట్, హ్యాట్, మ్యాట్. తోక పొట్టిది, జంటలు బోలెడు. టెన్షన్, పెన్షన్, మెన్షన్. ఇక్కడ ఊనిక మొదటి అచ్చు మీద పడుతుంది కాబట్టి తోక ‘ఎన్షన్’ అవుతుంది. కాస్త పొడుగైనా కుదిరింది. తోక పెరిగేకొద్దీ మాత్రం జంటలు తరిగిపోతాయి. ఫోన్ నంబర్లో చివరి రెండంకెలు కలిసేవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉంటారు. చివరి ఆరంకెలు కలిసేవాళ్ళు ఒక్కరు దొరకడమే గగనం.

తెలుగువారు పొరబడేది ఇక్కడే. తెలుగు పాటలో వచ్చింది, వెళ్ళింది పక్కపక్కన పడితే చెవికి ప్రాసగానే వినిపిస్తాయి. ఇంగ్లిష్‌లో వాకింగ్, సింగింగ్ మాటలకు చివర ‘ఇంగ్’ ఒకటే అయినా అది ప్రాస కాదు. ఊనిక ‘వా’ మీద, ‘సిం’ మీద పడింది కనుక తోకలు అక్కడి నుంచే మొదలవ్వాలి. వాకింగ్‌కు టాకింగ్ కావాలి, సింగింగ్‌కు బ్రింగింగ్ కావాలి.

ఇప్పుడు ఆరెంజ్ దగ్గరికి వద్దాం. ఇంగ్లిష్ వాళ్ళు దాన్ని దాదాపు ‘ఆరింజ్’ అంటారు. ఊనిక మొట్టమొదటి అచ్చు మీదే. దాని ముందు హల్లే లేదు. అంటే తోక అనుకున్నది మాట మొత్తం! చాలెంజ్‌లో ఊనిక ‘చా’ మీద పడుతుంది కాబట్టి దాని తోకలో ‘ర’ బదులు ‘ల’ వస్తుంది, ఆ అచ్చు కూడా క్యాట్‌లోని అచ్చే. రివెంజ్‌లో ఊనిక రెండో అచ్చు మీద పడి తోక ‘ఎంజ్’ దగ్గరే మొదలవుతుంది. మూడు మాటలకూ మూడు వేర్వేరు తోకలు.

నారింజ పోగొట్టుకున్న చుట్టాలు

ఆరెంజ్ పుట్టుకతోనే ఒంటరి కాదు. ఆ మాట చేసిన ప్రయాణం చూస్తే చుట్టాలు ఎక్కడ తప్పిపోయారో తెలుస్తుంది. దాని మూలం సంస్కృతంలోని నారంగ. అది కూడా ద్రావిడ భాషల నుంచి వెళ్ళిందేనని కొందరు భాషావేత్తల అభిప్రాయం. మన నారింజకు, ఇంగ్లిష్ ఆరెంజ్‌కు ఆ విధంగా బంధుత్వం ఉంది. నారంగ పర్షియన్‌లో నారంగ్, అరబ్బీలో నారంజ్ అయింది. అరబ్బుల ద్వారా పండూ, పేరూ కలిసే స్పెయిన్ చేరాయి. ఫ్రెంచ్ దాకా వచ్చేసరికి మొదటి ‘న’ రాలిపోయింది. ముందుండే ఆర్టికల్‌లోని ‘న్’తో అది కలిసిపోవడమే కారణం. ఆ ‘న’ ఇంగ్లిష్‌లో రాలిందని చాలాచోట్ల రాస్తుంటారు కానీ మాట ఇంగ్లిష్‌లోకి వచ్చేటప్పటికే అది లేదు.

ఫ్రెంచ్‌లో దాన్ని ‘ఒరాంజ్’ అంటారు. ఆ భాషలో బలం మాట చివర పడుతుంది. కాబట్టి తోక ‘ఆంజ్’ మాత్రమే. దేవదూతకు ఆంజ్, కలగలుపుకు మెలాంజ్, వింతకు ఎట్రాంజ్, ఇలా ఫ్రెంచ్ ఒరాంజ్ చుట్టూ ప్రాసలే ప్రాసలు. అదే మాట మధ్యయుగాల్లో ఇంగ్లిష్‌లోకి దిగుమతి అయ్యాక కథ మారింది. ఫ్రెంచ్ నుంచి వచ్చిన మాటల ఊనికను మొదటి అచ్చు మీదికి లాగడం ఇంగ్లిష్‌కు అలవాటు. ఊనిక ముందుకు జరగ్గానే చివరి ‘ఆంజ్’ నీరసించి ‘ఇంజ్’ అయింది. తోక ఒక్కసారిగా మాటంత పొడుగైంది. చాలెంజ్‌కు కూడా ఇలాగే జరిగింది.

అన్ని మాటలకూ ఈ గతి పట్టలేదు. అరేంజ్, ఎక్స్‌ఛేంజ్ కూడా ఫ్రెంచ్ నుంచి వచ్చినవే. వాటిలో ఊనిక చివరే నిలిచింది. అందుకే అవి ఛేంజ్, రేంజ్, స్ట్రేంజ్‌లతో హాయిగా ప్రాస కడతాయి. ఆరెంజ్ కూడా అలా నిలిచి ఉంటే ‘ఒరేంజ్’ అయ్యేదేమో, ఈ చర్చే ఉండేది కాదు.

అచ్చు రాలితే హల్లుల గుత్తి

మంత్ సమస్య వేరు. దాని తోక పొట్టిదే, ఒక్క అచ్చు, దాని వెనక ‘న్’, ‘త్’. పాత ఇంగ్లిష్‌లో ఇది రెండు అచ్చుల మాట, దాదాపు ‘మోనథ్’. జర్మన్‌లో ఇప్పటికీ మోనాట్ అనే అంటారు. ఇంగ్లిష్‌లో మధ్య అచ్చు రాలిపోయింది, రెండు హల్లులు అతుక్కున్నాయి. మంచు అనే మాటలోని ‘అ’ లాంటి అచ్చు, ఆ వెంటనే ఈ హల్లుల జంట, ఈ రెండూ కలిసిన మామూలు మాట ఇంగ్లిష్‌లో మరొకటి లేదు.

వరుస సంఖ్యలది కూడా ఇదే ఇబ్బంది. నైన్, సిక్స్, ఎయిట్ విడిగా ఉన్నప్పుడు ప్రాసకు లోటు లేదు. నైన్‌కు లైన్, ఫైన్, వైన్. దానికి ‘త్’ తగిలించి నైన్త్ చేయగానే అందరూ మాయం. సిక్స్త్, ట్వెల్ఫ్త్ అయితే పలకడానికే నాలుక తిరగదు. డెప్త్‌దీ ఇదే బాధ. ప్రత్యయం వచ్చి హల్లు మీద హల్లును పేర్చడం వల్ల పుట్టిన ఒంటరి మాటలివి. వీటికి తోడు బల్బ్, గల్ఫ్ లాంటివి కొన్ని. వాటి వెనక పెద్ద కథేమీ లేదు, ఆ హల్లుల జంట ఇంగ్లిష్‌లో అరుదు, అంతే.

పర్పుల్ మరో రకం ప్రమాదం. లాటిన్‌లో అది పుర్పుర, పాత ఇంగ్లిష్‌లో పుర్‌పురె. ఒకే మాటలో రెండు ‘ర’లు దగ్గరగా వస్తే రెండోదాన్ని ‘ల’గా మార్చుకోవడం నాలుక చేసే సర్దుబాటు. మార్బ్ర్ అనే ఫ్రెంచ్ మాట ఇంగ్లిష్‌లో మార్బుల్ అయింది కూడా ఇలాగే. పలకడానికి సుఖమైంది కానీ, ‘అర్పుల్’ అనే తోకతో ఇంగ్లిష్‌లో దానికి తోడెవరూ లేకుండా పోయారు.

నిఘంటువు మూలల్లోని జంటలు

ప్రాస లేదనే మాటను పండితులు ఊరికే వదల్లేదు. సిల్వర్‌కు చిల్వర్ ఉంది. ఆడ గొర్రెపిల్లకు ఇంగ్లండ్ పల్లెల్లోని పాత పేరు అది. పర్పుల్‌కు స్కాట్లండ్ మాటలు రెండున్నాయి. కుంటుతూ నడవడాన్ని హర్పుల్ అంటారు, గుర్రం పిరుదును కర్పుల్ అంటారు. ఇందులో రెండోదాన్ని స్కాట్ కవి రాబర్ట్ బర్న్స్ 18వ శతాబ్దంలోనే పర్పుల్‌కు జంటగా వాడేశాడు.

ఆరెంజ్‌కు మూడు దొరికాయి. మొదటిది స్పొరాంజ్, నాచు, ఫెర్న్ లాంటి మొక్కల్లో సిద్ధబీజాలు తయారయ్యే తిత్తికి వృక్షశాస్త్రంలో పాత పేరు. రెండోది బ్లారెంజ్, వేల్స్‌లో అబెర్గవెన్నీ పట్టణం పక్కన దాదాపు 560 మీటర్ల ఎత్తున్న కొండ. మూడోది గారింజ్ అనే ఇంటిపేరు. హెన్రీ గారింజ్ అనే అమెరికా నౌకాదళ అధికారి ఈజిప్టు నుంచి ఒక పురాతన రాతి స్తంభాన్ని ఓడలో తెచ్చి 1881లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో నిలబెట్టాడు. ఆయన పేరుతో ఆరెంజ్‌కు ప్రాస దొరికిందని ఆర్థర్ గైటర్‌మన్ అనే కవి సరదాగా ఒక చిన్న పద్యమే కట్టాడు.

మంత్‌కు లెక్కల మాస్టార్లు సాయం వచ్చారు. ‘ఎన్ ప్లస్ వన్’ అనే సంఖ్యకు వరుస రూపం చెప్పాల్సి వస్తే కొందరు ‘ఎన్ ప్లస్ వంత్’ అంటారు. ఇంగ్లిష్ కవయిత్రి క్రిస్టినా రోసెట్టి 1872లో పిల్లల కోసం రాసిన ఒక గేయంలో, రన్నెత్ అనే పాత క్రియారూపాన్ని కుదించి మంత్ పక్కన కూర్చోబెట్టింది.

సాంకేతికంగా ఇవన్నీ చెల్లుతాయి. ఆచరణలో ఎంత పనికొస్తాయన్నది వేరే ప్రశ్న. ప్రాస పని పాఠకుడి చెవికి ఒక ఊహనిచ్చి దాన్ని నెరవేర్చడం. మధ్యలో ఆపి, చిల్వర్ అంటే గొర్రెపిల్ల అని అడుగున వివరణ రాయాల్సి వస్తే ఆ పని జరగనట్టే. పై ఉదాహరణల్లో చాలావరకు హాస్యానికో, పందేనికో పుట్టడం యాదృచ్ఛికం కాదు.

అసలు కరువు వేరే చోట

కవులకు ఆరెంజ్ పెద్ద సమస్య కాదు. ఆరెంజ్‌ను పంక్తి చివర పెట్టక తప్పని పద్యాలు ఎన్నుంటాయి? లవ్ సంగతి అలా కాదు. ప్రేమ పాట రాసే ప్రతివారికీ అది కావాలి. దానికున్న పూర్తి ప్రాసలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అబవ్, డవ్, గ్లవ్, షవ్, ఇంకా అమెరికన్లు పలికే తీరులో ఆవ్ (of). ఇంగ్లిష్ ప్రేమ కవిత్వంలో పావురాలు, చేతి తొడుగులు, పైనున్న ఆకాశం అన్నిసార్లు ఎందుకు వచ్చిపడతాయంటే భావం కన్నా ముందు ప్రాస పిలిచింది కాబట్టి. వరల్డ్‌కు కర్ల్డ్, హర్ల్డ్, ఫర్ల్డ్ లాంటి నాలుగైదు క్రియలే గతి. డెత్ అనగానే బ్రెత్ వస్తుందని వినేవాడికి ముందే తెలిసిపోతుంది. ప్రాస కరువు చివరకు భావాల కరువుగా కనిపించేది ఇలాంటి చోటే.

ఈ కరువు గురించి మొర ఈనాటిది కాదు. 14వ శతాబ్దపు చాసర్, ఒక ఫ్రెంచ్ కవి రచనను అనుసరించి రాసిన కవిత చివర, ఇంగ్లిష్‌లో ప్రాసలకు ఇంత కొరత ఉండగా ఆ నేర్పును మాటకు మాటగా అనుసరించడం కష్టమని వాపోయాడు. ఇటాలియన్ మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, ముగింపులు కూడా కొన్నే. ప్రాస దానంతట అదే పడుతుంది. ఇంగ్లిష్ మాత్రం కాలక్రమంలో మాట చివరి అచ్చులను, విభక్తి రూపాలను రాల్చేసుకుంది. మిగిలినవి రకరకాల హల్లులతో ముగిసే పొట్టి మాటలు. వాటిలో జర్మనిక్ మాటలు, ఫ్రెంచ్ మాటలు, లాటిన్ మాటలు ఎవరి తోకతో వారే ఉన్నారు.

దీని ప్రభావం పద్యాల రూపం మీదే పడింది. సానెట్ ఇటలీ నుంచి వచ్చిన 14 పంక్తుల రూపం. పెట్రార్క్ పద్ధతిలో మొదటి 8 పంక్తులను రెండే ప్రాసలతో నడపాలి, అంటే ఒక్కో ప్రాసకు నాలుగేసి మాటలు. ఇటాలియన్‌లో అది ఆటలా సాగింది. ఇంగ్లిష్‌లో చెమటలు పట్టించింది. 16వ శతాబ్దంలో ఇంగ్లిష్ కవులు ఆ నియమాన్ని సడలించి ఏడు ప్రాసలు, ఒక్కోదానికి రెండేసి మాటలు చాలు అనే పద్ధతి తెచ్చుకున్నారు. షేక్‌స్పియర్ సానెట్లు ఉన్నది ఈ పద్ధతిలోనే. మిల్టన్ అయితే పారడైజ్ లాస్ట్‌లో ప్రాసనే వదిలేశాడు. ఎందుకు వదిలావని అడిగినవాళ్ళకు 1668లో ఒక ముందుమాట చేర్చి, ప్రాస అనాగరిక యుగం కనిపెట్టిన వస్తువని గట్టిగానే జవాబిచ్చాడు. అందులో కొంత సిద్ధాంతం, కొంత విసుగు ఉన్నట్టు అనిపిస్తుంది.

యాస మారితే జంట మారుతుంది

ప్రాస నోటిలో ఉంటుంది కాబట్టి నోరు మారితే అదీ మారుతుంది. అలెగ్జాండర్ పోప్ 1714 నాటి ఒక కావ్యంలో ఒబే అనే మాటకు టీని జంటగా వాడాడు. ఇప్పుడు చదివితే తప్పు దొర్లిందేమో అనిపిస్తుంది. ఆ రోజుల్లో టీని ‘టే’ అనేవారు, అంతే. లవ్, మూవ్ లాంటి జంటలు పాత కవిత్వంలో చాలా కనిపిస్తాయి. అక్షరాల్లో ఒకేలా ఉండి చెవికి కలవని వీటిని కంటి ప్రాసలు అంటారు. వీటిలో కొన్ని ఒకప్పుడు నిజమైన ప్రాసలే.

ఇప్పటి యాసల మధ్యా ఇదే తేడా. దక్షిణ ఇంగ్లండ్‌లో అచ్చు తర్వాతి ‘ర’ను పలకరు. అందుకని అక్కడ హార్స్, సాస్ ప్రాస కడతాయి, అమెరికాలో కట్టవు. కీట్స్ లాంటి కవుల ప్రాసలను లండన్ సామాన్యుల యాస అంటూ ఆనాటి విమర్శకులు వెక్కిరించారు. ప్రాస లేదు అన్న తీర్పు వెనక ‘ఎవరి నోట?’ అనే ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది.

ఆరెంజ్ వివాదం మళ్ళీ వార్తల్లోకి వచ్చింది కూడా యాస పుణ్యమే. 2010లో అమెరికా టీవీ కార్యక్రమం 60 మినిట్స్‌లో ర్యాపర్ ఎమినెమ్, ఆరెంజ్‌కు ప్రాస లేదనడం తనకు చిరాకు అంటూ, ఫోర్ ఇంచ్, డోర్ హింజ్, స్టోరేజ్, పారిడ్జ్ అన్నీ వరుసగా పేర్చి చూపించాడు. చాలామంది అమెరికన్లు ఆరెంజ్‌ను ‘ఓరింజ్’ అంటారు. అప్పుడు డోర్ హింజ్ దాని పక్కన చక్కగా ఒదుగుతుంది. హింజ్‌లోని ‘హ’ను కాస్త మింగాలి, అదొక్కటే షరతు. లండన్ నోటితో అదే ప్రయత్నం చేస్తే మొదటి అచ్చు దగ్గరే బెడిసికొడుతుంది.

దొరకనప్పుడు ఏం చేస్తారు?

అన్నిటికన్నా తేలికైన దారి, మొండి మాటను పంక్తి చివర నుంచి లోపలికి జరపడం. చదివేవాడికి ఇబ్బంది ఉందని కూడా తెలియదు. అనుభవం ఉన్న పాటల రచయితలు ఎక్కువగా చేసేది ఇదే, కాకపోతే చెప్పుకోవడానికి ఇందులో గొప్పేమీ ఉండదు.

చెప్పుకోదగ్గది ముక్కల ప్రాస. ఒక పెద్ద మాటకు రెండు మూడు చిన్న మాటలను కలిపి జంట కట్టడం. బైరన్ 1819లో ఇంటలెక్చువల్ అనే మాటకు ‘హెన్‌పెక్డ్ యూ ఆల్’ అని ముడిపెట్టి, చదువుకున్న భార్యల చేతిలో భర్తల అవస్థ మీద జోకు పేల్చాడు. గిల్బర్ట్, సలివాన్‌ల 1879 నాటి సంగీత నాటకంలో మేజర్ జనరల్ పాత్ర ‘లాట్ ఓ న్యూస్’కు ప్రాస తట్టక తడుముకుని, చివరకు హైపాటెన్యూస్ అంటాడు. తడుముకోవడమే అక్కడ హాస్యం. రిథమ్‌కు ‘విత్ దెమ్’ను కుదించి ‘విదమ్’ చేయడం కూడా ఈ కోవలోదే, వినడానికి అతుకు కనపడదు.

మాటనే విరిచేయడం ఇంకో ఎత్తు. లెక్కల అధ్యాపకుడు, హాస్య గేయకర్త టామ్ లేరర్ ఆరెంజ్‌కు జంటగా ‘బిజార్ ఎంజ్’ అని పంక్తి ముగించి, ఎంజాయ్‌మెంట్‌లో మిగిలిన సగాన్ని కింది పంక్తిలోకి నెట్టాడు. నవ్వు రావడానికి ఇది బాగుంటుంది. గంభీరమైన కవితలో పనికిరాదు.

గంభీరతకు పనికొచ్చేది సగం ప్రాస. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడై, యుద్ధం ముగియడానికి సరిగ్గా వారం ముందు చనిపోయిన విల్‌ఫ్రెడ్ ఓవెన్ దీన్ని పతాకస్థాయికి తీసుకెళ్ళాడు. హాల్, హెల్. ఎస్కేప్డ్, స్కూప్డ్. హల్లులు అవే ఉంచి అచ్చును మార్చడం ఆయన పద్ధతి. ప్రాస కుదిరీ కుదరనట్టుండే ఆ అపశ్రుతి యుద్ధభూమికి తగినట్టే ఉంది. ర్యాప్ దీనికి తిరగేసిన దారి పట్టింది. అచ్చుల వరుస కలిస్తే చాలు, హల్లులు ఎటుపోయినా ఫర్వాలేదు. లయ వేగంగా నడుస్తుంటే చెవి ఆ తేడాను క్షమిస్తుంది.

అందరూ దీన్ని ఒప్పుకోలేదు. బ్రాడ్‌వే సంగీత నాటకాల రచయిత స్టీఫెన్ సాండ్‌హైమ్ పూర్తి ప్రాస తప్ప మరొకటి వద్దన్నాడు. నాటకశాలలో ప్రేక్షకుడు పాటను ఒక్కసారే వింటాడు, సరైన ప్రాస మాటను అతని చెవికి స్పష్టంగా చేరవేస్తుంది అన్నది ఆ వాదన సారాంశం. నాటకం వరకు అది నిలిచే వాదనే. వంద సార్లు తిప్పి తిప్పి వినే రికార్డు పాటకు అంత నిష్ఠ అవసరమా అన్నది అనుమానమే.

పుస్తకం నుంచి సాఫ్ట్‌వేర్ దాకా

ప్రాసలు వెతికిపెట్టే పుస్తకాలు ఇంగ్లిష్‌లో చాలా పాతవి. పీటర్ లెవిన్స్ 1570లోనే మాటలను ముగింపుల ప్రకారం పేర్చిన నిఘంటువు అచ్చేశాడు. జాన్ వాకర్ 1775 నాటి నిఘంటువు మాటలను చివరి అక్షరం నుంచి వెనక్కి పేర్చింది. లోపం తెలిసిందే. స్పెల్లింగ్ వెంట పోతే లవ్, మూవ్ ఒకే గుంపులో పడతాయి. కఫ్, బౌ, టఫ్, త్రూ, దో అనే అయిదు మాటలూ రాతలో ఒకే నాలుగు అక్షరాలతో ముగుస్తాయి. వినడానికి ఏ రెంటికీ పొత్తు లేదు.

కంప్యూటర్ వచ్చాక ఉచ్చారణను నేరుగా వాడటం మొదలైంది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం ఉచితంగా ఇచ్చిన ఉచ్చారణ నిఘంటువులో 1,30,000కు పైగా మాటలున్నాయి. ప్రతి మాటకూ ధ్వనుల వరుస ఉంటుంది, ప్రతి అచ్చు పక్కన ఊనిక ఎంతో చెప్పే అంకె ఉంటుంది. 1 అంటే ప్రధాన ఊనిక, 2 అంటే ఉప ఊనిక, 0 అంటే ఊనిక లేదు. ప్రాస వెతికే సాఫ్ట్‌వేర్ ఊనిక ఉన్న ఆఖరి అచ్చును పట్టుకుని, అక్కడి నుంచి చివరిదాకా అదే వరుస ఉన్న మాటలన్నీ తీసి చూపిస్తుంది. ముందు చెప్పుకున్న తోక సూత్రమే ఇది. పరిమితి కూడా ఆ సూత్రంలోనే ఉంది. నిఘంటువులో ఉన్నది ఉత్తర అమెరికా ఉచ్చారణ. హార్స్‌కు సాస్ కావాలనుకునే లండన్ కవికి అది అడ్డు చెబుతుంది. పైగా అది ఒక్కో మాటనే చూస్తుంది, లాట్ ఓ న్యూస్ లాంటి అతుకుల జంటను దానంతట అది ఊహించలేదు.

ఏఐ చాట్‌బాట్‌లది మరో రకం సమస్య. అవి చదివేది రాతను, అదీ ముక్కలు ముక్కలుగా. ధ్వని వాటికి నేరుగా అందదు. ఏ మాటలు పద్యాల చివర కలిసి వస్తాయో లెక్కలేనన్ని పద్యాల నుంచి నేర్చుకుంటాయి కాబట్టి లవ్, అబవ్ లాంటి పాత జంటల్లో తడబాటు ఉండదు. అరుదైన మాట ఇచ్చినప్పుడు మాత్రం కంటి ప్రాసను అసలు ప్రాస అని చూపించే ప్రమాదం ఉంది. అది ఇచ్చిన జంటను పైకి చదివి చూసుకోవడం ఒక్కటే మందు.

తెలుగు చెవికి వినిపించేది

తెలుగు పద్యంలో ప్రాస పంక్తి చివర కాక ముందు ఉంటుంది. ప్రతి పాదంలో రెండో అక్షరంలోని హల్లు ఒకటే కావాలి. అచ్చు మారినా తప్పులేదు. సంయుక్తాక్షరం అయితే అదే సంయుక్తం నాలుగు పాదాల్లోనూ రావాలి. ఉత్పలమాల, కందం లాంటి వాటికి ఇది తప్పనిసరి. ఆటవెలది, తేటగీతులకు ఈ నియమం లేదు. హల్లును నిలిపి అచ్చును వదిలేయడం అంటే ఓవెన్ కొత్తదారిగా తొక్కిన పద్ధతి మనకు ఛందస్సు మొదటి పాఠం అన్నమాట.

కష్టం పుట్టే తీరు మాత్రం రెండు భాషల్లోనూ ఒకటే. అవధానాల్లో పృచ్ఛకులు అవధానిని ఇరికించడానికి ఇచ్చే దుష్కర ప్రాసల్లో తరచూ ఉండేది అరుదైన సంయుక్తాక్షరమే. ఊర్ధ్వంలోని ‘ర్ధ్వ’ రెండో అక్షరంగా నాలుగు పాదాలు నడపమంటే, మంత్ దగ్గర ఇంగ్లిష్ కవికి వచ్చిన చిక్కే ఇక్కడా వస్తుంది. తప్పించుకునే దారి మాత్రం మనకు విశాలం. తెలుగులో సంధి మాటల సరిహద్దును చెరిపేస్తుంది. ఒక మాట చివరి ముక్క, పక్క మాట మొదటి ముక్క కలిసి ప్రాసాక్షరం అయినా ఎవరూ ప్రశ్నించరు. బైరన్ జోకు కోసం చేసింది మన పద్యంలో రోజువారీ వ్యవహారం.

అరువు మాటలది ఇంకా సరదా అయిన సంగతి. తెలుగు పలుకుబడిలో ఇంగ్లిష్ ఊనిక నిలవదు. అన్ని అచ్చులూ దాదాపు సమానంగా వినిపిస్తాయి. అందుకే ఆరెంజ్, చాలెంజ్, రివెంజ్ మనకు ఒకే గూటి పక్షులు. మంత్ వసంత్‌తో కలుస్తుంది, అనంత్‌తో కలుస్తుంది. పర్పుల్‌కు ట్రిపుల్ తోడవుతుంది. ఇంగ్లిష్‌లో నాలుగైదు జంటలతో కాలం గడుపుతున్న లవ్, తెలుగులోకి వచ్చి చివర ఒక ఉకారం తగిలించుకుని లవ్వు అయ్యేసరికి నవ్వు, పువ్వు, నువ్వు, కొవ్వు అన్నీ దానికి చుట్టాలైపోతాయి.

తెలుగు పాట రాసేటప్పుడు ఇది వరం. ఇంగ్లిష్ కవిత రాసే తెలుగు పిల్లలకు, ఇక్కడి ఇంగ్లిష్ మీడియం బడిలో ఉన్నా, డాలస్‌లో ఉన్నా, ఇంట్లో విన్న చెవి ఒకటి, తరగతి గదిలో పనికొచ్చే చెవి ఒకటి. మాటను పైకి పలుకుతూ ఊనిక పడిన చోట బల్ల మీద వేలితో కొట్టి, అక్కడి నుంచి రెండు మాటలూ కలుస్తున్నాయో లేదో చూసుకుంటే చాలావరకు తేలిపోతుంది. ఆరెంజ్‌కు దెబ్బ మొదట్లోనే పడుతుంది, రివెంజ్‌కు రెండో అడుగులో పడుతుంది. చాలెంజ్‌కు ఆరెంజ్‌లాగే మొదట పడుతుంది కానీ, ఆ తర్వాత ‘ర’ రావాల్సిన చోట ‘ల’ వినిపిస్తుంది.